ఎర్రర్ చూపించని తప్పులు: ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కి ట్రాకులు పంపడం

ఇప్పుడు తెలుగు పాట ఒకే గదిలో పూర్తవడం తక్కువ. ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో వాద్యాలు కూర్చడం) విజయవాడలో క్యూబేస్ మీద జరుగుతుంది, ఫ్లూట్ చెన్నై నుంచి వస్తుంది, గాయని డల్లాస్‌లో తన ల్యాప్‌టాప్‌లో రీపర్ పెట్టుకుని పాడుతుంది, మిక్సింగ్ హైదరాబాద్‌లో మ్యాక్ మీద ప్రోటూల్స్‌లో. క్యూబేస్, రీపర్, ప్రోటూల్స్ అన్నీ పాట రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్లే. నలుగురూ పనిమంతులే. అయినా మిక్సింగ్ మొదలయ్యే రోజు సగం పూట "ఫ్లూట్ ఎక్కడ కూర్చోవాలి?", "వోకల్ శృతి తగ్గిందేంటి?", "కోరస్ ఫైలు తెరుచుకోవట్లేదు" అనే ఫోన్లతోనే గడిచిపోతుంది.

ఫైలు తెరుచుకోకపోతే పెద్ద ఇబ్బంది లేదు, మళ్లీ పంపమంటారు. తెరుచుకుని, వినిపించి, ఎక్కడో కొంచెం తేడాగా ఉండే ఫైలుతోనే తంటా. కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. పాట రిలీజయ్యాక ఎవరో చెవి ఉన్నవాళ్లు పట్టుకుంటారు. అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ రకం తప్పుల గురించే రాస్తున్నాను.

ప్రాజెక్టు ఫైలు పంపితే పాట పంపినట్టు కాదు

క్యూబేస్ ప్రాజెక్టు ఫైలైనా, రీపర్‌దైనా, ప్రోటూల్స్ సెషన్ ఫైలైనా అందులో రికార్డయిన శబ్దం ఉండదు. ఏ ఆడియో ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, దాని మీద ఏ ప్లగిన్ (శబ్దాన్ని మార్చే చిన్న అనుబంధ ప్రోగ్రాం) ఏ సెట్టింగులో ఉంది, మిడి నోట్లు (ఏ స్వరం ఎప్పుడు మోగాలన్న సూచనలు) ఏంటి అన్న చిట్టా మాత్రమే ఉంటుంది. నాలుగు నిమిషాల పాటకి మెయిల్‌లో ఒకటి రెండు ఎంబీల ఫైలు వచ్చిందంటే, వచ్చింది చిట్టా ఒక్కటే.

రెండు వైపులా ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే పని సులువే. రీపర్‌లో ‘సేవ్ యాజ్’ చేసేటప్పుడు మీడియా మొత్తాన్ని ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేసే టిక్ పెట్టాలి. ప్రోటూల్స్‌లో ‘సేవ్ కాపీ ఇన్’, అందులో ఆడియో ఫైళ్ల టిక్. ఏబుల్టన్‌లో ‘కలెక్ట్ ఆల్ అండ్ సేవ్’. క్యూబేస్‌లో ‘బ్యాకప్ ప్రాజెక్ట్’. ఎఫ్‌ఎల్ స్టూడియోలో ‘జిప్డ్ లూప్ ప్యాకేజ్’. ఇవేవీ చేయకుండా ఫోల్డర్‌ని చేత్తో కాపీ చేస్తే, డెస్క్‌టాప్ మీద నుంచి లాగి వేసిన ఒక తబలా లూప్ అక్కడే ఉండిపోతుంది. మీ మెషీన్‌లో అంతా సవ్యంగానే మోగుతుంది. అవతలి మెషీన్‌లో ఆ చోట నిశ్శబ్దం.

ఇదంతా చేసినా కాంటాక్ట్ అనే శాంప్లర్‌లో వాడే వాద్యాల లైబ్రరీలు, ప్లగిన్‌లు, వాటి వెర్షన్లు రెండు చోట్లా ఒకేలా ఉండాలి. అలా ఉండటం అరుదు. సాఫ్ట్‌వేర్ మారుతోందంటే ఇక మాట్లాడే పనే లేదు: ప్రతి ట్రాక్‌నీ వేవ్ ఫైలుగా మార్చి పంపాల్సిందే.

సున్నా నుంచి మొదలుపెట్టండి

ఒకటే నియమం గుర్తుంచుకోమంటే ఇది చెప్తాను. ప్రతి ఫైలూ పాట టైమ్‌లైన్‌లో ఒకే బిందువు దగ్గర మొదలవ్వాలి. రెండో చరణంలో ఇరవై సెకన్లు మాత్రమే వినిపించే నాదస్వరమైనా సరే, మొదటి నుంచి ఖాళీతో సహా రావాలి. అప్పుడు అవతలివాళ్లు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఫైళ్లన్నీ ఎంచుకుని, మొదటి బార్ దగ్గర వదిలేస్తే చాలు, పాట దానంతటదే కూర్చుంటుంది.

ఖాళీ వల్ల సైజు పెరుగుతుందని కొందరు కత్తిరిస్తారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. నాలుగు నిమిషాలకి 35 ఎంబీ లోపే. అలాంటివి 40 ట్రాకులున్నా 1.4 జీబీ దాటదు. పైగా డిజిటల్ నిశ్శబ్దం అంటే వరసగా సున్నాలే కాబట్టి, జిప్ చేసినప్పుడు ఆ ఖాళీ దాదాపు మాయమైపోతుంది. మామూలుగా సంగీతాన్ని జిప్ పెద్దగా కుదించలేదు, కానీ ఖాళీని మాత్రం బాగా కుదిస్తుంది.

ఎగుమతి చేసే పద్ధతి ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది, జారే చోటు కూడా దేనిది దానిదే.

క్యూబేస్‌లో ‘ఎక్స్‌పోర్ట్ ఆడియో మిక్స్‌డౌన్’ తెరిచి, చానెల్ ఎంపికని ‘మల్టిపుల్’కి మార్చి, కావలసినవి టిక్ చేయాలి. ఎంత భాగం బయటికొస్తుందనేది ఎడమ, కుడి లొకేటర్ల (మొదలు, ముగింపు గుర్తుల) మీద ఆధారపడుతుంది. నిన్న చరణం ఒక్కటే లూప్‌లో విన్నప్పటి లొకేటర్లు అలాగే ఉంటే, చరణం మాత్రమే బయటికొస్తుంది. ఎఫెక్ట్స్ దగ్గర డ్రై (ఎఫెక్టులు లేనిది) నుంచి మాస్టర్ (మొత్తం మిక్స్ వెళ్లే చివరి చానెల్) దాకా మెట్లుంటాయి. మాస్టర్ దాకా తీస్తే మాస్టర్ మీదున్న లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కే ఎఫెక్ట్) ప్రతి స్టెమ్‌నీ, అంటే విడిగా తీసిన ప్రతి ట్రాక్ ఫైలునీ, విడివిడిగా నొక్కుతుంది. అలా తీసిన స్టెమ్స్ అన్నీ కలిపినా మీ మిక్స్ రాదు.

లాజిక్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ కింద ‘ఆల్ ట్రాక్స్ యాజ్ ఆడియో ఫైల్స్’ ఉంది. అక్కడ చూడాల్సింది ‘నార్మలైజ్’. అది కచ్చితంగా ‘ఆఫ్’లో ఉండాలి. ఆన్‌లో ఉంటే వెనకాల సన్నగా ఉండాల్సిన తంబురా, ముందుండే కిక్ రెండూ ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. మీరు గంటలు పెట్టి చేసిన బ్యాలెన్స్ పోతుంది. ఫైలు మాత్రం ఎంతో ఆరోగ్యంగా కనిపిస్తుంది, అదే చిక్కు. ఫైలు పొడవుని ప్రాజెక్టు చివరి దాకా పెంచే ఎంపిక కూడా అక్కడే ఉంది. అది పెట్టుకుంటే ఫైళ్లన్నీ ఒకే నిడివితో వస్తాయి, ఏదైనా తేడా వస్తే చూడగానే తెలుస్తుంది.

రీపర్‌లో ‘రెండర్’ కిటికీలో సోర్స్‌ని ‘స్టెమ్స్, సెలెక్టెడ్ ట్రాక్స్’గా, బౌండ్స్‌ని ‘ఎంటైర్ ప్రాజెక్ట్’గా పెట్టాలి. మోనో మీడియా ఉన్న ట్రాకులని మోనోగానే రాయమనే టిక్ ఒకటి ఉంది, అది పెట్టండి. లేకపోతే ఒక్క మైకుతో పాడిన గొంతు స్టీరియోగా బయటికొస్తుంది, సైజు రెట్టింపు, లాభం సున్నా. రివర్బ్ ఉన్న ట్రాకులకి ‘టెయిల్’ ఆన్ చేయకపోతే చివరి మోత గుమ్మం దగ్గరే తెగిపోతుంది.

ప్రోటూల్స్‌లో మొదటి నుంచి చివరి దాకా అన్ని ట్రాకుల్నీ సెలెక్ట్ చేసి, మ్యాక్‌లో ఆప్షన్‌తో, విండోస్‌లో ఆల్ట్‌తో పాటు షిఫ్ట్, 3 నొక్కితే కన్సాలిడేట్ అవుతాయి, అంటే ఒక్కో ట్రాక్‌లోని ముక్కలన్నీ కలిసి ఒకే ఫైలవుతాయి. తర్వాత క్లిప్‌లని ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. కన్సాలిడేట్‌లో ప్లగిన్‌లు గానీ వాల్యూమ్ ఆటోమేషన్ గానీ రావు. అవి కావాలంటే ట్రాక్ మీద కుడి క్లిక్ చేసి బౌన్స్ చేయడమే.

ఎఫ్‌ఎల్ స్టూడియోలో ‘స్ప్లిట్ మిక్సర్ ట్రాక్స్’ పెడితే ప్రతి మిక్సర్ ఇన్సర్ట్ (మిక్సర్‌లోని ఒక్కో చానెల్) ఒక ఫైలవుతుంది. ఇన్సర్ట్‌కి కలపని సౌండ్లు నేరుగా మాస్టర్‌లోకి పోతాయి కాబట్టి వాటికి విడి ఫైలే ఉండదు. డోలక్, మోర్సింగ్ విడిగా రాలేదంటే సాధారణంగా కారణం ఇదే. గ్యారేజ్‌బ్యాండ్‌లో స్టెమ్స్ తీసే సదుపాయమే లేదు. ఒక్కో ట్రాక్ సోలో చేసి పాటలా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి, అదీ ముందు సెట్టింగ్స్‌లో ‘ఆటో నార్మలైజ్’ తీసేశాకే. గ్యారేజ్‌బ్యాండ్ 44.1 కిలోహెర్ట్జ్‌లోనే పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది.

44.1, 48 గొడవ

శాంపిల్ రేటు అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి రాస్తారన్న లెక్క; ఒక్కో కొలత ఒక శాంపిల్. సినిమా, వీడియో పనులన్నీ 48 కిలోహెర్ట్జ్‌లో నడుస్తాయి. సీడీ రోజుల నుంచి వచ్చిన పాటల అలవాటు 44.1. రెండూ బాగానే ఉంటాయి, కలిస్తేనే తగాదా. 48లో రికార్డయిన ఫైలుని 44.1 ప్రాజెక్టులో మార్పు లేకుండా వేస్తే, సెకనుకి 48,000 చొప్పున ఖర్చవ్వాల్సిన శాంపిళ్లు 44,100 చొప్పున ఖర్చవుతాయి. పాట నెమ్మదిస్తుంది, శృతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది. ఒకటో శృతిలో, అంటే సీలో ఉన్న పాట బీ దాటి, బీకి ఏ షార్ప్‌కి మధ్య ఏ తంబురాకీ కలవని చోట ఆగుతుంది. మొత్తం పాట అలా దిగితే వెంటనే దొరికిపోతుంది. శృతి లేని తాళవాద్యం ట్రాక్ ఒక్కటే అలా వస్తే మాత్రం, కాసేపు తాళం తప్పినట్టుగానే అనిపిస్తుంది. వాయించినవాళ్ల మీద నింద పడుతుంది.

కనిపెట్టడానికి చెవి కూడా అక్కర్లేదు, నిడివి చూడండి. నాలుగు నిమిషాల పాట 4 నిమిషాల 21 సెకన్లయితే 48 ఫైలు 44.1లో మోగుతోంది. 3 నిమిషాల 40 సెకన్లయితే 44.1 ఫైలు 48లో మోగుతోంది. 3 నిమిషాల 50 సెకన్లయితే సంగతి శాంపిల్ రేటుది కాదు, ఎవరో 24 ఫ్రేముల వీడియోని 25 ఫ్రేములకి పరిగెత్తించారు.

ప్రోటూల్స్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు ‘యాడ్’, ‘కాపీ’, ‘కన్వర్ట్’ బటన్లు ఉంటాయి. రేటు వేరైన ఫైలుని ‘యాడ్’ చేస్తే తప్పు వేగంతో మోగుతుంది. క్యూబేస్ ఇంపోర్ట్ సమయంలో మార్చమంటారా అని అడుగుతుంది, వద్దంటే అదీ అంతే. రీపర్ మాత్రం మోగించేటప్పుడే మార్చేసుకుంటుంది కాబట్టి రీపర్ వాడేవాళ్లకి ఈ సమస్య ఉందనే తెలియదు. వాళ్ల ఫోల్డర్‌లో 44.1, 48, ఫోన్‌లో రికార్డు చేసిన ఎం4ఏ అన్నీ కలిసి కాపురం చేస్తుంటాయి. ఆ ఫోల్డర్‌నే పంపేస్తే అవతలివాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. రీపర్ నుంచి ఎప్పుడూ రెండర్ చేసినవే పంపాలి, అసలు మీడియా కాదు.

ఇంకో రకం ఉంది. ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) 48లో నడుస్తూ, సాఫ్ట్‌వేర్ 44.1 అనుకుని ఫైలు హెడర్‌లో (ఫైలు మొదట్లో వివరాలుండే చోట) 44.1 అని రాసేస్తుంది. ఇక్కడ శాంపిళ్లు మంచివే, మీద రాసిన అంకె తప్పు. దీన్ని కన్వర్ట్ చేస్తే తప్పుని శాశ్వతం చేసినట్టు. ఆడాసిటీలో ఆ ఫైలు తెరిచి, ట్రాక్ పేరు పక్కన మెనూలో ‘రేట్’ని 48,000కి మార్చండి. అది శాంపిళ్లని ముట్టుకోదు, చదివే వేగాన్ని మాత్రమే మారుస్తుంది. శృతి సరిగ్గా వచ్చాక ప్రాజెక్టు రేటు కూడా 48లో పెట్టి, 24 బిట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. పాట తిరిగొస్తుంది, ఏ నష్టమూ లేకుండా.

బిట్ల విషయం తొందరగా చెప్పేస్తాను. 24 బిట్ చాలు. ట్రాక్ ఎక్కడైనా సున్నా డీబీ దాటి ఎర్రబడుతుంటే 32 బిట్ ఫ్లోట్‌లో పంపండి, అవతల ఫేడర్ దించితే శిఖరాలు తిరిగొస్తాయి. ఫ్లోట్ ఫైలుని ఫ్లాక్‌లోకి (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) మార్చకండి, ఫ్లాక్ ఫ్లోట్‌ని దాచుకోలేదు. 24 బిట్ ఫైళ్లకైతే ఫ్లాక్ భేషుగ్గా పనిచేస్తుంది, విప్పితే శాంపిల్ శాంపిల్‌కీ అదే వస్తుంది.

ఎంపీ3 ఎందుకు వద్దంటారు

నాణ్యత సంగతి పక్కన పెట్టండి, ఎంపీ3తో టైమింగే మారుతుంది. ఎన్‌కోడర్ (ఎంపీ3గా మార్చే ప్రోగ్రాం) మొదట్లో కొంత ఖాళీ చేరుస్తుంది. లేమ్ ఎన్‌కోడర్ 576 శాంపిళ్లు చేరిస్తే, డీకోడర్ వైపు ఇంకో 529 కలుస్తాయి. మొత్తం 1105, అంటే 44.1లో 25 మిల్లీసెకన్లు. కొన్ని ప్లేయర్లు దీన్ని చదివి తీసేస్తాయి, కొన్ని తీయవు. ఏఏసీలో ఇలాంటి ఖాళీ సాధారణంగా 2112 శాంపిళ్లు, దాదాపు 48 మిల్లీసెకన్లు. గాయనికి గైడ్ ట్రాక్ ఎంపీ3లో పంపి, ఆమె దాని మీద పాడి వేవ్‌లో తిరిగి పంపితే, గొంతు మొత్తం పాట పొడవునా పాతిక మిల్లీసెకన్లు వెనకబడి ఉండొచ్చు. ఇంత చిన్న తేడాని చాలామంది ఆలస్యం అనుకోరు, "ఫీల్ లేదు" అంటారు. గైడ్ కూడా వేవ్‌లోనే పంపండి.

వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా పంపితే గట్టిగా కుదించిన ఓపస్ ఫైలవుతుంది. అదే ఫైలుని ‘డాక్యుమెంట్’గా జత చేస్తే 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు పోతుంది. ఒకటి రెండు ట్రాకులకి ఇది నిజంగానే సులువైన దారి.

దూరం నుంచి డబ్బింగ్ పాడించేటప్పుడు ఆలస్యం ఇంకో చోట కూడా పుడుతుంది. ఇంటర్‌ఫేస్ డ్రైవర్ తన జాప్యం ఎంతో సాఫ్ట్‌వేర్‌కి తప్పుగా చెప్తే, రికార్డయిన ప్రతిదీ కొన్ని మిల్లీసెకన్లు పక్కకి పడుతుంది. దీనికి చవకైన మందు ఉంది. గైడ్ ట్రాక్ మొదట్లో నాలుగు క్లిక్‌లు పెట్టండి. పాడేవాళ్లు రికార్డ్ నొక్కి, ఆ నాలుగు క్లిక్‌లు వినిపించినంత సేపు హెడ్‌ఫోన్ ఒక చెవి భాగాన్ని మైకుకి ఆనించాలి. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడొచ్చు. ఫైలు మీ దగ్గరికి రాగానే మైకులో పడ్డ క్లిక్‌ని అసలు క్లిక్ కింద పెట్టి జూమ్ చేయండి. ఎంత తేడా కనిపిస్తే ఫైలుని అంత జరిపి, రెండు క్లిక్‌లనీ కలపండి. అందాజు లేదు, వాదన లేదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో మాత్రం పాడించకండి, అందులో జాప్యం స్థిరంగా కూడా ఉండదు.

టెంపో, దానంతటదే సాగే ఫైళ్లు

టెంపోని దశాంశాలతో సహా రాయండి. 96.5లో చేసిన పాటని అవతలివాళ్లు 96 అనుకుని గ్రిడ్ పెట్టుకుంటే, నాలుగు నిమిషాలు తిరిగేసరికి గ్రిడ్ సెకనుంపావు తప్పుతుంది. పాటలో లయ మారుతుంటే మిడి ఫైలు ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి, నోట్లు లేకపోయినా పరవాలేదు, టెంపో మార్పులన్నీ అందులో వెళ్తాయి. కీబోర్డు భాగాల మిడి కూడా జత చేస్తే సౌండ్ మార్చుకునే వీలు ఉంటుంది.

దీనికి వ్యతిరేక దిశలో ఒక ప్రమాదం ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆడియోని చూడగానే ప్రాజెక్టు టెంపోకి సాగదీస్తాయి. ఏబుల్టన్ లైవ్‌లో పొడవైన ఫైళ్లని ఆటో వార్ప్ చేసే (దానంతటదే సాగదీసే) సెట్టింగ్ ఆన్‌లో ఉండొచ్చు. స్టెమ్స్ వేసే ముందు సెట్టింగ్స్‌లో (పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్) దాన్ని తీసేయాలి. స్టూడియో వన్‌లో పాట సెటప్‌లో, లాజిక్‌లో స్మార్ట్ టెంపోలో ఇలాంటివే ఉన్నాయి. సాగదీసిన గొంతు మీద అసహజమైన ఒక పొర వస్తుంది. అది వినిపిస్తే ముందు వార్ప్ చూడండి, మైకుని తిట్టకండి.

డ్రైవ్, పేర్లు

మ్యాక్‌కి విండోస్‌కి మధ్య తిరిగే హార్డ్ డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుంది, రాయలేదు. ఏపీఎఫ్‌ఎస్ డిస్క్‌ని విండోస్‌కి తగిలిస్తే "వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని మర్యాదగా అడుగుతుంది. అక్కడ సరే అన్నారంటే సెషన్ మొత్తం పోయినట్టే. డిస్క్ పాడవలేదు, విండోస్‌కి ఆ భాష రాదంతే. క్యాన్సిల్ నొక్కి తీసేయండి. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (మధ్యలో ఆగిన పనిని సరిదిద్దుకునే చిట్టా) లేదు కాబట్టి ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే సగం రాసిన ఫైలు మిగిలే అవకాశం ఎక్కువ.

మ్యాక్‌లో వాడిన ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ని విండోస్‌లో చూస్తే ప్రతి ఫైలుకీ ఒక కవల కనిపిస్తుంది: పేరు ముందు చుక్క, అండర్‌స్కోర్, సైజు నాలుగు కేబీ. అవి ఆడియో కావు, మ్యాక్ తన సొంత వివరాలు దాచుకునే ఫైళ్లు. అన్నీ కలిపి లాగి వేస్తే సాఫ్ట్‌వేర్ "ఫైలు పాడైంది" అంటుంది. వాటిని వదిలేసి పెద్ద ఫైళ్లనే ఎంచుకోండి.

పేర్లని ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తోనే పెట్టండి. తెలుగు మీద ప్రేమ లేక చెప్పే మాట కాదిది. ఐత్వం ఉన్న అక్షరాన్ని, ఉదాహరణకి ‘కై’ని, యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయొచ్చు: ఐత్వం ఒకే గుర్తుగా గానీ, ఎత్వమూ దాని కింది గుర్తూ విడివిడిగా గానీ. మ్యాక్‌లో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి పేర్లని విడగొట్టి దాస్తుంది. కంటికి రెండూ ఒకటే, పేరు వెతికే ప్రోగ్రాముకి మాత్రం వేరు. ‘కైలాసం’ అనే ఫైలు ఎదురుగా ఉండగానే "కనపడలేదు" అని చెప్పే వింత దీనివల్లే. పాత జిప్ సాఫ్ట్‌వేర్లలో విప్పితే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారడం ఇంకోటి.

మ్యాక్‌లో పేరు మధ్య తేదీని గీతతో, 12/05 అని పెట్టొచ్చు. విండోస్‌లో ఆ గీత గానీ, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు గానీ కుదరవు. పేరు చివర ఖాళీ లేకుండా చూసుకోండి. ముందు వరస సంఖ్య పెట్టండి: 01_Kick, 02_Dholak, 14_Lead_Vocal, ఇలా. ‘ఆడియో 7 కొత్తది ఫైనల్ 2’ అని వచ్చే ఫైళ్ల గురించి ఏం మాట్లాడతాం.

సినిమా పని, కచేరీ పని

ఎడిటింగ్ నుంచి సౌండ్‌కి వెళ్లేటప్పుడు వందల క్లిప్‌లని సున్నా నుంచి తీయడం కుదరదు. అక్కడ ఏఏఎఫ్ అనే మార్పిడి ఫైలు వాడతారు: క్లిప్‌ల స్థానాలు, ఫేడ్‌లు, వాల్యూమ్ అందులో వెళ్తాయి, ఎఫెక్టులు వెళ్లవు. అదే పనికి వాడే పాత ఓఎంఎఫ్‌కి 2 జీబీ హద్దుంది, తప్పనిసరైతేనే వాడండి. ప్రతి క్లిప్‌కీ రెండు పక్కలా కొన్ని సెకన్ల అదనపు శబ్దం (హ్యాండిల్స్) అడగండి, లేకపోతే డైలాగ్ ముందు ఊపిరి కూడా దొరకదు. ఫ్రేమ్ రేటు కాగితం మీద రాయించుకోవాలి. 24కి 23.976కి తేడా వెయ్యింట ఒకటే, కానీ గంటకి 3.6 సెకన్లు. పది నిమిషాల రీలులో 0.6 సెకను, పెదవులు కలవకపోవడానికి అది చాలు. మొదటి ఫ్రేమ్‌కి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేమ్ పొడవున 1 కిలోహెర్ట్జ్ బీప్ పెట్టే ఆచారం ఉంది. చివర కూడా ఒకటి పెడితే, మొదటిది కలిసి చివరిది కలవనప్పుడు జారుడు ఎంతో వెంటనే తేలుతుంది.

ఈ మధ్య డీఏడబ్ల్యూ ప్రాజెక్ట్ అనే ఓపెన్ ఫార్మాట్ వచ్చింది. 2023లో బిట్‌విగ్, ప్రిసోనస్ సంస్థలు కలిసి తెచ్చాయి, తర్వాత క్యూబేస్ 14లోనూ చేరింది. ట్రాకులు, మిడి, ఆటోమేషన్, కొంతవరకు ప్లగిన్ సెట్టింగులు కూడా దాటతాయి. వాడండి, కానీ వేవ్ ఫైళ్లు పక్కన పెట్టుకునే వాడండి.

కచేరీలో డిజిటల్ మిక్సర్ నుంచి 32 చానెళ్లు ఒకే వేవ్‌లోకి వెళ్తుంటే 4 జీబీ హద్దు తొందరగా వచ్చేస్తుంది. మామూలు వేవ్ హెడర్‌లో సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఉండటం దీనికి కారణం. 48 కిలోహెర్ట్జ్, 32 బిట్‌లో 32 చానెళ్లంటే దాదాపు 11 నిమిషాల 39 సెకన్లకి ఒక ఫైలు నిండుతుంది. మిక్సర్ దాన్ని ముక్కలుగా రాస్తుంది. ఆ ముక్కల్ని క్రాస్‌ఫేడ్ లేకుండా, ఖాళీ లేకుండా, అంచుకి అంచు ఆనించాలి. ఆటోమేటిక్ క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే అతుకు దగ్గర మృదంగం దెబ్బ రెండుసార్లు పడుతుంది.

కెమెరా ఒక వైపు, రికార్డర్ ఒక వైపు తిరిగితే, రెండింటి గడియారాలు కచ్చితంగా ఒకటిగా ఉండవు. పది లక్షలకి 20 వంతుల తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు. వర్ణం దగ్గర కలిపింది మంగళం నాటికి జారిపోతుంది. మొదట్లో, చివర్లో ఒక్కో చప్పట్ల దెబ్బ కలిపి, మధ్య వేగాన్ని ఆ మేరకి సరిచేయాలి.

పంపే ముందు

కొత్త ఖాళీ ప్రాజెక్టు తెరవండి, మీరు తీసిన ఫైళ్లన్నీ సున్నా దగ్గర వేయండి. మీ రఫ్ మిక్స్ ఫైలుని కూడా పక్కన పెట్టి, దాని ఫేజ్ తిప్పండి, అంటే తరంగాన్ని తలకిందులు చేయండి. మాస్టర్ ఎఫెక్టులు లేకుండా తీసిన మిక్స్ అయి, స్టెమ్స్ ఎఫెక్టులతో తీసినవైతే రెండూ దాదాపు రద్దయి నిశ్శబ్దం రావాలి. నిశ్శబ్దంలో ఒక్క డోలక్ మిగిలిందంటే, డోలక్ ఫైలు లేదు లేదా జరిగింది. అన్నీ సన్నగా మిగిలితే సాధారణంగా పాన్ లా తేడా: మోనో ట్రాక్‌ని మధ్యలో పెట్టినప్పుడు ఎంత తగ్గించాలన్నది సాఫ్ట్‌వేర్‌ని బట్టి, సెట్టింగ్‌ని బట్టి మారొచ్చు. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కోరస్, ఫ్లాంజర్ లాంటి ఊగే ఎఫెక్టులున్న ట్రాకులు ప్రతిసారీ వేరుగా రెండర్ అవుతాయి, అవి పూర్తిగా రద్దు కాకపోయినా కంగారు పడొద్దు.

లీడ్ గొంతుని ఎఫెక్టులు లేకుండా ఒకటి, మీ ఎఫెక్టులతో ఒకటి పంపండి. పిచ్ సవరించింది ఉంటే అది ఎఫెక్టుల్లేని ఫైలులోకి వచ్చిందో లేదో విని చూడండి. రఫ్ మిక్స్‌ని, టెంపో, శృతి, శాంపిల్ రేటు, ఫ్రేమ్ రేటు రాసిన చిన్న టెక్స్ట్ ఫైలునీ అదే ఫోల్డర్‌లో వేసి జిప్ చేయండి. అప్‌లోడ్ చేశాక ఆ లింకుతో మీరే ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుని విప్పి చూడండి. జిప్ మధ్యలో తెగితే అక్కడే తెలుస్తుంది.

పాత సీడీల్లో, డిస్కుల్లో రెండు వేల దశకం తొలినాళ్ల ప్రోటూల్స్ సెషన్లు ఉన్నవాళ్లకి ఒక మాట. వాటిలో చాలావరకు సౌండ్ డిజైనర్ 2 ఫైళ్లు. శాంపిల్ రేటు, బిట్ల వివరం ఆ ఫైలుకి అంటిపెట్టుకున్న రిసోర్స్ ఫోర్క్‌లో ఉంటుంది. విండోస్ డిస్క్ మీదికి కాపీ చేసిన క్షణం అది రాలిపోతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెరవదు. కానీ శబ్దం పోలేదు. ఆడాసిటీలో ‘ఇంపోర్ట్’ కింద ‘రా డేటా’ ఎంచుకుని, సైన్డ్ 24 బిట్, బిగ్ ఎండియన్, ఆఫ్‌సెట్ సున్నా, 44,100 అని ఇచ్చి చూడండి. హోరు వినిపిస్తే 16 బిట్‌కి మార్చండి. గొంతు రెట్టింపు నెమ్మదిగా వస్తే అది స్టీరియో ఫైలు, చానెళ్లు రెండని చెప్పండి. ఒకటిన్నర స్వరస్థానం తక్కువగా ఉంటే 48,000 ఇవ్వండి.